ఫలితం వచ్చేదాకా బతకడం ఆపొద్దు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లోని ఒక చిన్న హాల్లో, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ల కోసం ఒక ఆదివారం పెట్టిన సభలో ఒక రిటైర్డ్ సైకాలజీ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. గోడకు ఆనుకుని నిలబడితే కాసేపటికి కాళ్లు లాగుతాయి. అప్పుడు నేనేం చెప్పినా మీ ధ్యాస కాళ్ల మీదే ఉంటుంది. రండి, రండి. ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు, నాకు కనబడుతోంది. మూయమని అనను. నా మాటలకంటే ఆ పాలిటీ పుస్తకమే మీకు నాలుగు మార్కులు ఎక్కువ తెస్తుంది.

ఈ బ్యానర్ చూశారా? "ఆశలు వదిలేద్దాం, ఈ క్షణాన్ని ఆస్వాదిద్దాం." నిర్వాహకులు ప్రేమగానే రాయించారు. నేను వచ్చేసరికే కట్టేశారు, లేకపోతే మార్చమని అడిగేదాన్ని. కోచింగ్ సెంటర్లతో నిండిన అశోక్‌నగర్ పక్కన నిలబడి ఆశలు వదిలేయండి అని చెప్పాలంటే చాలా ధైర్యం కావాలమ్మా. ఆశ లేకపోతే ఒక్క గదిలో నలుగురు సర్దుకుని ఎందుకు ఉంటారు? లైబ్రరీ తెరవకముందే వచ్చి గేటు దగ్గర ఎందుకు నిలబడతారు? ఐదు రూపాయల భోజనం క్యూలో కూడా చేతిలో కరెంట్ అఫైర్స్ కాగితాలు ఎందుకు పట్టుకుంటారు?

ఆశ వదిలేయండి అన్నది కడుపు నిండినవాళ్లు చెప్పే మాట. నాకు పెన్షన్ వస్తుంది, ఒకటో తారీఖు కాకపోతే మూడో తారీఖు. "ఫలితం గురించి ఆలోచించకండమ్మా" అని మైకులో చెప్పేసి ఇంటికెళ్లి పడుకోవడం నాకు చాలా తేలిక. అందుకని ఆ మాట చెప్పను.

నేను చూసినంతలో మీలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఉద్యోగం రావాలన్న కోరిక. ఇది మంచిదే, ఉంచుకోండి. రెండోది, ఉద్యోగం వచ్చేదాకా నేను నవ్వకూడదు, బతుకమ్మకు ఊరెళ్లకూడదు, స్నేహితుడి పెళ్లికి వెళ్లినా ఒక మూలన నిలబడి తిని వచ్చేయాలి అన్న షరతు. ఈ షరతు ఎవరు పెట్టారు? నోటిఫికేషన్‌లో ఉందా? సిలబస్‌లో ఉందా? మనకు మనమే పెట్టుకున్నాం. ఈ రోజు నేను మాట్లాడేది ఆ షరతు గురించి. కోరిక జోలికి పోను.

మీకు చరిత్ర చెప్పక్కర్లేదు. అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, 503 పోస్టులకు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. ఫలితాలు వచ్చాయి, క్వాలిఫై అయినవాళ్లు మెయిన్స్‌కు చదవడం మొదలుపెట్టారు. 2023 మార్చిలో పేపర్ లీకు వ్యవహారం బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. ఆ మూడూ రాసినవాళ్లు చేతులెత్తండి చూద్దాం.

అబ్బో. సరే, దించండి.

ఇప్పుడు చెప్పండి, ఈ మొత్తం వ్యవహారంలో మీ చేతిలో ఏముంది? చదవడం ఉంది, పరీక్ష హాలుకు టైముకు వెళ్లడం ఉంది, ఓఎంఆర్ షీట్‌లో బబుల్ సరిగ్గా దిద్దడం ఉంది. పేపర్ ఎవరి కంప్యూటర్లోంచి బయటకు పోయిందో, కోర్టులో ఎవరు కేసు వేశారో, అవేవీ మీ చేతిలో లేవు. సుమారు రెండు వేల ఏళ్ల కింద రోమన్ రాజ్యంలో ఎపిక్టెటస్ అని ఒకాయన ఉండేవాడు. బానిసగా పుట్టి, తర్వాత తత్వం బోధించే గురువు అయ్యాడు. లోకంలో కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, ముందు ఆ రెండింటినీ వేరు చేసుకోండి అన్నాడు. మన చేతిలో లేనివి ఏవయ్యా అంటే ఆయన ఇచ్చిన జాబితా ఇది: శరీరం, ఆస్తి, పేరు ప్రతిష్ఠ, పదవి. పదవి కూడా! గ్రూప్-1 వాళ్ల కోసమే చెప్పినట్టు లేదూ?

సరే మేడమ్, వేరు చేసుకున్నాం, అయినా బాధ తగ్గలేదే అంటారు. నిజమే, తగ్గదు. చేతిలో లేదని తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు. ఎందుకు ఊరుకోదో కొంత అర్థం కావాలంటే కోతుల దగ్గరికి పోవాలి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా.

వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్‌ను విడుదల చేసే కణాలు ఎప్పుడెప్పుడు ఎలా స్పందిస్తాయో కొలిచాడు. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ అనే మరో ఇద్దరితో కలిసి 1997లో దాని మీద రాసిన పరిశోధన పత్రం చాలా పేరు తెచ్చుకుంది. సంగతేమిటంటే, కోతి నోట్లో ఉన్నట్టుండి ఒక చుక్క పళ్లరసం పడితే ఆ కణాలు ఒక్కసారి గట్టిగా స్పందిస్తాయి. అది మనం ఊహించేదే. తర్వాత ప్రతిసారీ పళ్లరసానికి ముందు ఒక సంకేతం ఇస్తూ పోయారు. లైటు వెలుగుతుంది, కాసేపటికి రసం వస్తుంది. కోతికి అలవాటైపోయింది. అప్పుడు చూస్తే కణాలు లైటు వెలగగానే స్పందిస్తున్నాయి. మరి రసం నోట్లో పడ్డప్పుడు? ఏమీ లేదు! రసం అదే, తీపి అదే, కానీ ముందే తెలుసు కాబట్టి కణాల్లో ప్రత్యేకమైన చలనం లేదు.

ఇంకో మెట్టు ఉంది, అది వినండి. లైటు వెలిగింది, రసం ఇవ్వలేదు. అప్పుడు సరిగ్గా రసం రావాల్సిన ఆ సమయానికి కణాల స్పందన మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. మామూలు స్థాయికి అని అనుకునేరు, దానికంటే కిందికి. కోతి దగ్గర్నుంచి ఎవరూ ఏమీ లాక్కోలేదు. రసం లేకుండా కోతి అంతకుముందు కూడా బతికింది. కానీ లైటు వెలిగింది కదా! లైటు వెలగడంతోనే లెక్కల్లో రసం జమ అయిపోయింది. రాకపోతే నష్టం కింద రాసుకుంది.

మీకు లైటు అంటే ఏమిటి? ప్రిలిమినరీ కీ. కీ చూసుకుంటారు, తొంభై వస్తున్నాయి అనుకుంటారు. ఆ రాత్రికే మనసులో ఆర్డీవో అయిపోతారు. తప్పు పట్టడం లేదు, ఎవరైనా అంతే. ఫైనల్ కీలో రెండు ప్రశ్నలు మారతాయి. ఎవరూ మీ దగ్గర్నుంచి ఆర్డీవో పోస్టు లాక్కోలేదు, కానీ లాక్కున్నట్టే ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే సైన్సు చదువుకున్న పిల్లలు నన్ను నిలదీస్తారు. కోతి మెదడులో కొన్ని కణాలకు, మీ మూడేళ్ల దుఃఖానికి మధ్య చాలా దూరం ఉంది. డోపమైన్ అంటేనే ఆనందం అని యూట్యూబ్‌లో చెప్పేది కూడా సరికాదు. దాని పని ఎక్కువగా అంచనాకు, వచ్చినదానికి మధ్య తేడా కొలవడం, ఆ తేడా నుంచి నేర్చుకోవడం. నేను ఈ ప్రయోగం నుంచి తీసుకునేది ఇంతే: వచ్చినదాన్ని మనం ఉన్నదున్నట్టు తూచలేం. అనుకున్నదాని పక్కన పెట్టే తూస్తాం. మీరు బలహీనులు కాబట్టి బాధపడుతున్నారని ఎవరైనా అంటే నమ్మకండి.

అనుకున్నది అనుకున్నట్టే వచ్చిందే అనుకోండి, అప్పుడేం జరుగుతుంది? మీ సీనియర్లను అడగండి. ఉద్యోగం వచ్చిన ఏడాదికి కనబడితే "ఎట్లుంది బిడ్డా" అంటే, "ఏముంది మేడమ్, ఫైళ్లు, మీటింగులు" అంటారు. అన్నేళ్లు ఎదురుచూసింది దీనికోసమేనా! అమెరికాలో లాటరీ గెలిచినవాళ్ల మీద 1978లో ఒక పరిశోధన అచ్చయింది. గెలిచినవాళ్లు మిగతావాళ్ల కంటే చెప్పుకోదగ్గంత ఆనందంగా ఏమీ లేరని, రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో వాళ్లకు దొరికే సంతోషం ఇంకా తక్కువని తేలింది. అయితే వాళ్లు ఇరవై ఇద్దరే, చిన్న అధ్యయనం. దాన్ని పట్టుకుని డబ్బుతో సుఖం లేదని నేను అనను. డబ్బు లేకపోతే ఎంత కష్టమో మీ అందరికీ తెలుసు.

ఇంకో ఉదాహరణ చెబుతాను, ఇది మన ఊరిదే. పి.వి. సింధు. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీలో ఆడి 2016లో రియోకు వెళ్లింది. ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం తెచ్చింది. ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఎయిర్‌పోర్టు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఓపెన్ బస్సులో ఊరేగించుకున్నాం, మీలో కొందరు రోడ్డు పక్కన నిలబడే ఉంటారు. ఐదేళ్ల తర్వాత టోక్యోలో కాంస్యం. 2021 ఆగస్టు 1న హె బింగ్‌జియావో మీద 21-13, 21-15తో గెలిచింది. ఇప్పుడు ఆలోచించండి. రజతం వచ్చింది చివరి మ్యాచ్ ఓడిపోయి. కాంస్యం వచ్చింది చివరి మ్యాచ్ గెలిచి. పతకాల లెక్కలో రజతమే పెద్దది. కానీ కోర్టు మీంచి బయటకు నడిచేటప్పుడు ఏది పెద్దది?

ఆ అమ్మాయి మనసులో ఏముందో మనం చెప్పకూడదు, అది ఆమె సొంతం. కానీ దీని మీద పరిశోధన ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు తీసుకుని, పతకం ఖాయమైన క్షణంలోను, పోడియం మీద నిలబడినప్పుడు ఆటగాళ్ల ముఖాలను జనానికి చూపించి, ఎంత సంతోషంగా కనిపిస్తున్నారో మార్కులు వేయమన్నారు. మెడ్వెక్, మేడీ, గిలోవిచ్ అనే ముగ్గురు 1995లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. మూడో స్థానంవాళ్లు రెండో స్థానంవాళ్ల కంటే సంతోషంగా కనిపించారు. రెండోవాడు పైకి చూస్తాడు, అయ్యో బంగారం పోయిందే అని. మూడోవాడు కిందికి చూస్తాడు, అమ్మయ్య ఏదో ఒకటి దక్కింది అని.

కటాఫ్‌కు అర మార్కు తక్కువ వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటారు. ఇరవై మార్కులు తక్కువ వచ్చినవాడు హాయిగా పక్క గదిలో క్రికెట్ చూస్తుంటాడు, అర మార్కు వాడు ఆరు నెలలు నిద్రపోడు. నిజానికి ఎవరు బాగా రాసినట్టు? అర మార్కు వాడే కదా! మీ బాధ మీ మార్కుల్లోంచి రాలేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఈ మాట అనగానే మన పెద్దవాళ్లు ఒకటి అందుకుంటారు. ఏమిటి? అదే! "కర్మణ్యేవాధికారస్తే." చూశారా, అందరికీ వచ్చు. ఆటో వెనక కూడా ఉంటుంది. పని చెయ్యి, ఫలితం అడగకు. మీకు ఇది ఎవరైనా చెబితే చిరాకు రాదూ? నాకైతే చిరాకే. ఎందుకంటే ఎక్కువసార్లు అది ఎదుటివాడి నోరు మూయించడానికి వాడతారు. ఆఫీసులో జీతం పెంచమంటే కూడా ఇదే చెబుతారు!

కానీ ఆ శ్లోకంలో నాలుగో పాదం ఎంతమందికి గుర్తుంది? "మా తే సంగోఽస్త్వకర్మణి." పని చేయకపోవడం మీద కూడా నీకు మమకారం వద్దు అని. ఇది మనం వదిలేస్తాం. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు, "మేడమ్, నేను ఎక్స్‌పెక్టేషన్స్ అన్నీ వదిలేశాను, ఏదైతే అదే అయితది" అంటారు. ముఖం చూస్తే తెలుస్తుంది, వదిలింది ఆశను కాదు, చదువును. మళ్లీ దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో ముందే చేతులెత్తేసి, దానికి వైరాగ్యం అని పేరు పెట్టుకున్నారు. ఆ పప్పులు గీతలో ఉడకవు. పైగా అది చెప్పింది ఎవరికి? అడవిలో కూర్చున్న మునికి కాదు కదా. రెండు సైన్యాల మధ్య, గెలుస్తానో ఓడతానో, గెలిచినా ఏం మిగులుతుందో అని చేతిలోంచి గాండీవం జారిపోతున్నవాడికి. మీకంటే ఎక్కువ టెన్షన్‌లో ఉన్నవాడికి.

సరే, ఈ క్షణం సంగతికొద్దాం. బ్యానర్ మీద రెండో సగం.

"ఆస్వాదిద్దాం" అన్న చోట నాకు కొంచెం పేచీ ఉంది. మే నెలలో రేకుల గదిలో, కరెంటు పోయి, పక్కవాడు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే ఏం ఆస్వాదిస్తారు? ఆస్వాదించాలి అని పెట్టుకుంటే అది ఇంకో సిలబస్ అయిపోతుంది. "అయ్యో, ఈ క్షణాన్ని ఆస్వాదించలేకపోతున్నానే" అని దానికి వేరే బాధ. నేను అంతదాకా పోను. ఉన్న చోట ఉండండి, చాలు. చెమట పడితే చెమట పడుతోందని తెలియాలి. టీ తాగితే టీ తాగినట్టు తెలియాలి. సంతోషం రావాలనుకుంటే అదే వస్తుంది, రాకపోతే రాదు. పొద్దున తిన్న టిఫిన్ ఏమిటో ఇప్పుడు గుర్తుందా మీకు? ... అదిగో, ఆ అమ్మాయి ఆలోచిస్తోంది.

హార్వర్డ్‌లో కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు 2010లో ఒక పని చేశారు. ఫోన్‌కు అప్పుడప్పుడు సందేశం వస్తుంది. ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా వేరే చోట ఉందా, ఎంత సంతోషంగా ఉన్నారు అని అడుగుతుంది. 2,250 మంది పెద్దవాళ్ల జవాబులు తీసుకున్నారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. సగం రోజు! మనసు వేరే చోట ఉన్నప్పుడు సంతోషం తక్కువగా ఉందని కూడా తేలింది. మీరు అంటారు, మంచి కలలు కంటే బాగుంటుంది కదా అని. అదీ చూశారు. మంచి సంగతులే ఆలోచిస్తున్నప్పుడు కూడా, చేస్తున్న పని మీద మనసు ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషం ఏమీ లేదు. మామూలు సంగతులో చెడ్డ సంగతులో అయితే బాగా తక్కువ. అంటే ఆర్డీవో కల కనడం వల్ల పెద్ద లాభం లేదన్నమాట, కనీసం ఆ పూటకు!

అక్కడ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్ దాకా బండి పార్కింగ్‌లోంచి ఎలా బయటకు తీయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నట్టు ఉంటుంది మన వ్యవహారం. బండి తీయాలి నిజమే. తీసేటప్పుడు తీద్దాం.

మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ అనే ఆయన 1979లో ఒక ఆసుపత్రిలో తరగతులు మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తగ్గని నొప్పులతో ఉన్నవాళ్లు వచ్చేవారు. ఎనిమిది వారాల శిక్షణ. మన బౌద్ధుల ధ్యాన పద్ధతులే, మతం పేరు లేకుండా. మొదట్లోనే ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, చూడండి, వాసన చూడండి, నాలుక మీద పెట్టుకోండి, నెమ్మదిగా నమలండి అంటారు. నాకు ఇందులో నచ్చింది ఆ ఎండుద్రాక్ష కాదు. ఆయన నొప్పి పోగొడతానని మాట ఇవ్వలేదు. నొప్పి ఉంది, దాంతో ఎలా ఉందాం అన్నది ఆయన ప్రశ్న. మీ నోటిఫికేషన్ నా చేతిలో లేదు, నేను తేలేను. అది వచ్చేదాకా ఎలా ఉందాం?

మీకు ఎండుద్రాక్ష ఎందుకు, ఇరానీ చాయ్ ఉంది, ఉస్మానియా బిస్కట్ ఉంది. రోజుకు ఒక్క టీ ఫోన్ లేకుండా తాగండి. ఒక్కటి చాలు. స్నేహితుడు పక్కన ఉంటే ఉండనివ్వండి, కానీ జీవో నంబర్లు మాట్లాడొద్దు. లైబ్రరీ నుంచి ఇందిరా పార్కు వైపు నడిచేటప్పుడు చెవుల్లోంచి ఆ కరెంట్ అఫైర్స్ తీసేయండి. పది నిమిషాల్లో రాష్ట్రపతి పాలన ఏమీ రాదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, దీనికి నన్ను తిట్టుకోవద్దు. పరీక్ష అయిన సాయంత్రం మీరేం చేస్తారు? "ఎక్స్‌పెక్టెడ్ కటాఫ్" వీడియో. ఒకాయన నూటపది అంటాడు, టెన్షన్. ఇంకొకాయన తొంభై ఐదు అంటాడు, ప్రాణం లేచొస్తుంది. మళ్లీ మొదటాయన దగ్గరికి పోయి కింద కామెంట్లు చదువుతారు. టెలిగ్రామ్ గ్రూపులో పోల్ పెడతారు. ఆ గ్రూపులో మార్కులు రాసేది ఎవరు? బాగా రాసినవాళ్లు. రాయనివాళ్లు కిమ్మనరు. మరి ఆ పోల్ చూసి కటాఫ్ ఎలా తెలుస్తుంది? ఇన్ని స్టాటిస్టిక్స్ ప్రశ్నలు చేస్తారు, ఇది తట్టదా? ఆ వీడియోలు చూడటం వల్ల ఒక్క మార్కు పెరగదు. కానీ కోతికి లైటు ఆరిపోకుండా చూస్తాయి. అది వాళ్ల వ్యాపారం, నేనేం అననులే.

ఇప్పుడు వెనక కూర్చున్న పెద్దవాళ్లతో ఒక మాట. నాలుగైదు జంటలు కనబడుతున్నారు, పిల్లలతో పాటు వచ్చారు, సంతోషం. ఆశ పెట్టుకునే హక్కు మీకుంది. కష్టం మీది, పైసలు మీవి. కానీ పిల్లలు నా దగ్గర ఏం చెబుతారో తెలుసా? "బాపు ఫోన్ చేస్తే ఎత్తాలంటే భయం మేడమ్." కొట్టే నాన్న కాదు, తిట్టే నాన్న కూడా కాదు. "నోటిఫికేషన్ సంగతి ఏమైంది బిడ్డా" అని మెత్తగా అడుగుతాడు, అంతే. ఆ మెత్తదనమే భరించలేకపోతున్నారు. "నీ కోసం అరెకరం అమ్మినం" అని మీరు అననక్కర్లేదు, వాళ్లకు ఆ అరెకరం హద్దులు కూడా గుర్తున్నాయి.

ఫోన్ చేసినప్పుడు ఊరి ముచ్చట్లు చెప్పండి. బర్రె ఈనిందా, వరికోత మిషను దొరికిందా, పక్కింటి పెద్దమ్మ ఎవరితో కొట్లాడింది, అవి చెప్పండి. పరీక్ష సంగతి వాళ్లే చెబుతారు, చెప్పాల్సినప్పుడు. ఇంకో సంగతి, పెళ్లిళ్లలో చుట్టాలు "ఇంకెన్నేండ్లు సదువుతది మీ బిడ్డ" అంటే, మీరు ముందు జవాబు చెప్పండి. పిల్ల తలొంచుకునేదాకా ఊరుకోకండి.

ఇక కష్టమైన మాట. ఎప్పుడు ఆపాలి? ఈ ప్రశ్న ఎవరూ వేదిక మీద అడగరు, మెట్ల దగ్గర అడుగుతారు. 2024లో గరిష్ఠ వయోపరిమితిని 46 ఏళ్లకు పెంచారు. వయసు దాటిపోతున్నవాళ్లకు అది ఊరట, కాదనను. కానీ 28 ఏళ్ల పిల్లవాడికి అదే ఉచ్చు. ఇంకా పద్దెనిమిదేళ్లు ఉన్నాయి కదా! నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఆపే తేదీ ముందే పెట్టుకోండి. ఓడిపోయిన రోజున పెట్టుకోకూడదు, ఆ రోజు మనసు స్థిమితంగా ఉండదు. ఇలాంటి మామూలు ఆదివారం రోజున, కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్లలో ఒకరికి చెప్పి పెట్టుకోండి. ఫలానా ఏడాది దాకా పూర్తిగా చదువుతాను, ఆ తర్వాత ఏదో ఒక పనిలో చేరి, వీలైతే చదువుతాను, లేకపోతే లేదు అని. తేదీ ఉన్నవాడు తేలిగ్గా చదువుతాడు. తేదీ లేనివాడికి ప్రతి పరీక్షా చావో రేవో అవుతుంది.

ఇంకొకటి. రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకడం దేనికి అన్న ఆలోచన వచ్చినా, దయచేసి నా ప్రసంగాలు వినకండి. టీ తాగితే పోయేది కాదు అది. డాక్టరును కలవండి. ఫోన్‌లో మాట్లాడాలంటే టెలిమానస్ ఉంది, 14416, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మన హైదరాబాద్‌లో ఒక పాడు అలవాటు ఉంది, ఎవరైనా కొంచెం వేరుగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ని" అని జోకు వేస్తాం. ఎర్రగడ్డలో ఉన్నది ఆసుపత్రి. జ్వరం వస్తే గాంధీకి పోయినట్టే అక్కడికీ పోవచ్చు. మీ రూమ్మేటు ముందు ఆ జోకు మానేయండి. ఎవరికి అవసరం పడుతుందో మనకు ముందే తెలియదు.

సమయం అయిపోయినట్టుంది, హాలువాళ్లు గడియారం చూపిస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా. కొంచెం గట్టిగా.

ఆ, మంచి ప్రశ్న. వెనకవాళ్లకు వినబడలేదేమో, లిస్టులో నంబరు లేకపోతే ఆ రోజు ఏం చేయాలి అంటోంది.

ముందుగా, ఆ పీడీఎఫ్ ఒక్కదానివే కూర్చుని తెరవకు. నంబరు స్నేహితురాలికి ఇచ్చి తననే చూడమను. లేదని తేలితే ఇంటికి నువ్వే ఫోన్ చెయ్యి, చుట్టాలు చెప్పకముందే. రెండు వాక్యాలు చాలు: "అమ్మా, ఈసారి రాలేదు. నేను బాగానే ఉన్నా, రేపు మాట్లాడతా." ఏడుపొస్తే ఏడువు, ఎవరైనా ఊరుకోమంటే నేను చెప్పానని చెప్పు. ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పుస్తకాలు కోఠీలో అమ్మేయొద్దు, కొత్త కోచింగ్‌కు ఫీజూ కట్టొద్దు. సంక్రాంతి దగ్గరుంటే ఊరెళ్లిపో, లేకపోతే మామూలుగా ఓ రెండు రోజులు వెళ్లిరా. నంబరు ఉన్నా ఇదే పద్ధతమ్మా, ఆ వారం ఏ నిర్ణయమూ వద్దు. రూమ్మేట్లు పార్టీ అంటారు, టీ వరకు ఒప్పుకో. ధ్రువపత్రాల పరిశీలన అవ్వాలి, ఎక్కడో ఒక కేసు తేలాలి, పోస్టింగ్ రావాలి. మొదటి జీతం అంత తొందరగా చేతికి రాదు.